ముందు స్క్రూలు చూడండి, తర్వాతే టరెట్ తిప్పండి

(ఎయిర్ రైఫిల్ నేర్చుకునేవారి కోసం ఒక ఆదివారం ఉదయం హనుమకొండలో జరిగిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు సైన్యంలో ఆయుధాల మరమ్మతు పని చేసి రిటైరైనవారు. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న తమ్ముళ్లు కొంచెం ముందుకు జరగండి. ఈ రోజు చేతిలో పట్టుకొని చూపించేవే ఎక్కువ, అక్కడి నుంచి కనపడవు. రండి, రండి, కుర్చీలు గుంజుకొని రండి.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ బల్ల మీద మూడు రైఫిళ్లున్నాయి. మూడూ ఖాళీ. నేను చూశాను, ఈ బిడ్డ కూడా చూసింది. స్కోప్, అదే దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే గురి గొట్టం, బిగించేటప్పుడు మన ధ్యాసంతా స్క్రూ మీద ఉంటుంది, మూతి ఎటు తిరిగి ఉందో పట్టించుకోం. అందుకే ఎలెన్ కీ పట్టుకునే ముందే రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూడాలి. మడత బ్యారెల్ రైఫిలైతే లోపల పెల్లెట్ ఉందో లేదో కనపడేంత వరకు వంచితే చాలు. పూర్తిగా వంచితే స్ప్రింగ్ ఎక్కి కూర్చుంటుంది, అదొక ప్రమాదం. ఎన్నిసార్లు చూడాలి? ముట్టుకున్న ప్రతిసారీ. నిన్న రాత్రి చూసి పెట్టిందైనా సరే, ఈ పొద్దున మళ్లీ చూడాలి.

ఇంకోటి. మీలో చాలామంది 10 మీటర్ల పోటీ కోసం నేర్చుకుంటున్నారు. ఆ పోటీలో స్కోప్ ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టే పీప్ సైటే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పీప్ సైట్‌తోనే. మరి స్కోప్ గురించి ఎందుకు చెబుతున్నానంటే, మీలో సగం మంది ఇంట్లో స్కోప్ పెట్టుకొని 25 మీటర్లలో కాగితం మీద ప్రాక్టీస్ చేస్తున్నారు. ఏ పెల్లెట్ మన రైఫిల్‌కు సరిపోతుందో తేల్చుకోవడానికి కూడా స్కోప్ మంచిదే. పెట్టుకోండి. కానీ సరిగ్గా పెట్టుకోండి.

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఏంటో తెలుసా? "సార్, స్కోప్ ఖరాబైంది." తీసుకురమ్మంటాను. తెస్తారు. ఎక్కువసార్లు స్కోప్ బాగానే ఉంటుంది. ఖరాబైంది దాని కింద ఉంటుంది. స్కోప్‌ను చుట్టి పట్టుకునే రింగులో ఉంటుంది, ఆ రింగును రైఫిల్‌కు బిగించే మౌంటులో ఉంటుంది, మౌంటు కూర్చునే రైలు, అంటే రైఫిల్ పైన ఉండే గాడి పట్టీ, దాని మీద ఉంటుంది, రైఫిల్ కట్టెను పట్టుకునే స్క్రూలో ఉంటుంది. కానీ మనం చేసే మొదటి పనేంటి? టరెట్, అంటే గుండు పడే చోటు మార్చడానికి స్కోప్ మీద ఉండే మర, దాని మూత తీసి తిప్పడం. అది టిక్‌మని తిరిగే ఒక్కో మెట్టు ఒక క్లిక్కు. గుండు కుడికి పడిందా, ఎడమకు నాలుగు క్లిక్కులు. మళ్లీ ఎడమకు పడిందా, కుడికి మూడు. డబ్బా పెల్లెట్లు అయిపోతాయి, కాగితం జల్లెడ అవుతుంది, చివరికి రైఫిల్ మీద కోపం వస్తుంది. ఈ రోజు మీరు ఒక్కటి గుర్తుపెట్టుకొని పోతే నాకు చాలు. కింది నుంచి పైకి రండి. అన్నీ చూసుకున్నాకే టరెట్ మీద చెయ్యి వేయండి.

నేను కాజీపేటలో పెరిగాను. చిన్నప్పుడు స్టేషన్‌లో బండి ఆగితే ఒక మనిషి పొడుగు పిడి సుత్తి పట్టుకొని ఒక్కో చక్రాన్నీ కొట్టుకుంటూ పోయేవాడు. టంగ్, టంగ్, టంగ్. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. పగులు ఉన్న చక్రం మొద్దుగా పలుకుతుంది. ఆయన కళ్లతో వెతకడం తక్కువ, చెవులతో వినడం ఎక్కువ. నేను సైన్యంలోకి పోయి ఆయుధాల పని నేర్చుకున్నాక ఆ మనిషి ఎన్నోసార్లు గుర్తొచ్చాడు. ఇదిగో, ఈ రైఫిల్ చూడండి. బ్యారెల్ పట్టుకొని కట్టె మీద ఇట్లా అరచేత్తో తడితే... విన్నారా? టిక్ అని చిన్న చప్పుడు. ఇది స్కోప్ చప్పుడు కాదు. కట్టెకు ముందు పక్కన ఉండే ఈ రెండు స్క్రూలు వదులయ్యాయి. స్ప్రింగ్ రైఫిళ్లకు ఇది మామూలే, అదురుకు అవి మెల్లగా వదులవుతాయి. ఇవి వదులుగా ఉన్నన్ని రోజులు మీరు లక్ష రూపాయల స్కోప్ పెట్టినా గుండు ఒక చోట పడదు.

అసలు జబ్బు ఏదో ముందు కాగితమే చెబుతుంది. అందుకే ఒక్క షాట్ చూసి టరెట్ ఎప్పుడూ తిప్పొద్దు. ఐదు షాట్లు వేయండి. ఒకే బిందువు చూసి, ఒకే తీరుగా పట్టుకొని, ఐదు. ఇప్పుడు ఈ రెండు కాగితాలు చూడండి. మొదటి దాంట్లో ఐదు రంధ్రాలూ పావలా బిళ్లంత జాగాలో పడ్డాయి, కానీ మధ్య నుంచి రెండు అంగుళాలు దూరంగా. ఇది మంచి వార్త. రైఫిల్ బాగుంది, బిగింపు బాగుంది, క్లిక్కులు తిప్పితే అయిపోతుంది. రెండో కాగితం? ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, ఒకటి కాగితం అంచున. దీనికి ఏ టరెట్ తిప్పుతావు? ఎటు తిప్పుతావు? దీనికి టరెట్ మందు కాదు. ఏదో వదులుగా ఉంది, లేదా పట్టుకునే తీరు మారుతోంది, లేదా ఆ పెల్లెట్ రైఫిల్‌కు సరిపడటం లేదు. స్కోప్ తీసేసి రైఫిల్‌కు ఉన్న మామూలు సైట్లతో ఐదు షాట్లు వేసి చూడండి. అప్పుడు కూడా చెల్లాచెదురుగానే పడితే స్కోప్‌ను తిట్టొద్దు.

మూడో రకం ఒకటుంది, అది అన్నింటికన్నా మోసం చేస్తుంది. గ్రూపు, అంటే షాట్లన్నీ దగ్గరదగ్గరగా పడటం, బాగానే వస్తుంది, కానీ ఇరవై షాట్లకు అది మెల్లగా జరుగుతూ పోతుంది. పొద్దున మధ్యలో, పదకొండు గంటలకు అంగుళం పక్కన. మంచిర్యాల నుంచి ఒక తమ్ముడు ఇదే కష్టంతో వచ్చాడు. అప్పటికే ఒక స్కోప్ తీసేసి రెండోది కొన్నాడు. రెండోది కూడా ఇదే పని చేస్తోంది. పాపం, ముఖం వాడిపోయి ఉంది. నేను మౌంటు విప్పి, రైలు మీద నూనె గుడ్డతో తుడిచి, కిటికీ దగ్గర వెలుతురులో వాలుగా పట్టి చూశాను. నల్ల రంగు మీద సన్నటి వెండి గీత. నాలుగు మిల్లీమీటర్ల పొడుగు ఉంటుందేమో. మౌంటు జారిన బాట అది. వాడికి చూపిస్తే కాసేపు నమ్మలేదు, గోరు పెట్టి గీత మీద అటూ ఇటూ రాసి చూసుకున్నాడు.

ఎందుకు జారుతుంది? స్ప్రింగ్ రైఫిల్ చిన్నదే కానీ దాని తన్ను రెండు దిక్కులా ఉంటుంది. పిస్టన్ ముందుకు దూకగానే రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ పోయి చివర ఆగగానే రైఫిల్ ఒక్కసారిగా ముందుకు గుంజుకుంటుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు ఏమవుతారు? వెనక్కి పడతారు. స్కోప్ కూడా అంతే, ప్రతి షాట్‌కూ వెంట్రుకవాసి వెనక్కి జరుగుతుంది. పెద్ద తుపాకీ తన్ను తట్టుకునే స్కోప్ కూడా ఈ ముందు గుంజుడుకు లోపల అద్దాలు కదిలి చెడిపోవచ్చు. అందుకే కొనేటప్పుడు స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు పనికొస్తుందా అని అడిగి కొనండి. గాలి నింపే పీసీపీ రైఫిల్‌కు ఈ బాధ దాదాపు లేదు.

మందు ఏంటి? స్టాప్ పిన్. మౌంటు అడుగున ఇదిగో ఈ చిన్న మొల. రైఫిల్ పైన వెనక పక్కన దానికి గుంత ఉంటుంది. మొల ఆ గుంతలో కూర్చోవాలి. మంచిర్యాల తమ్ముడి మౌంటుకు మొల ఉంది, కానీ లోపలికి తిప్పేసి ఉంది, గుంతలో దిగలేదు. గుంత లేని రైఫిలైతే మౌంటు వెనక విడిగా ఒక స్టాప్ బ్లాక్ బిగించాలి. రైలును, మౌంటు దవడలను స్పిరిట్‌తో తుడిచి నూనె తీసేయండి. తర్వాత మౌంటు మీద నుంచి రైలు మీదికి గోళ్ల రంగుతో ఒక సన్నటి గీత పెట్టండి. జరిగితే గీత తెగుతుంది. ఇంతకన్నా చౌకైన పరికరం నాకు తెలియదు.

రైళ్లలో కూడా తేడాలున్నాయి. మన ఎయిర్ రైఫిళ్లకు ఎక్కువగా 11 మిల్లీమీటర్ల డొవ్‌టెయిల్ ఉంటుంది, అంటే పక్కలు వాలుగా కోసిన గాడి. పెద్ద రైఫిళ్లకు అడ్డ గాడులున్న పికటిన్నీ రైలు, లేదా వీవర్. పికటిన్నీ గాడి వెడల్పు 5.23 మిల్లీమీటర్లు, వీవర్‌ది 4.57. వీవర్ మౌంటు పికటిన్నీ మీద కూర్చుంటుంది, కానీ గాడిలో ఆట ఉంటుంది. అందుకే బిగించేటప్పుడు ముందుకు నెట్టి పట్టుకొని బిగించాలి. పికటిన్నీ మౌంటు వీవర్ గాడిలో దిగదు, సుత్తితో కొట్టి దించే ప్రయత్నం చేయకండి. డొవ్‌టెయిల్‌కు డొవ్‌టెయిల్ మౌంటే కావాలి. రింగు కూడా ట్యూబు సైజును బట్టి ఉంటుంది. అంగుళం ట్యూబుకు, అంటే 25.4 మిల్లీమీటర్లదానికి, 30 మిల్లీమీటర్ల రింగు పెట్టి సందులో ఇన్సులేషన్ టేపు చుట్టినవాళ్లను చూశాను. వద్దు.

ఇక రింగులు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వదులుగా ఉంటే జరుగుతుందని భయపడి రింగు స్క్రూలను పొడుగు కీతో బలం కొద్దీ బిగించాను. బిగించాక స్కోప్ వెనక ఉన్న జూమ్ రింగు తిప్పితే బరువుగా తిరుగుతోంది. అప్పటికైనా అర్థం కావాలి కదా? కాలేదు. విప్పాక ట్యూబు చుట్టూ లొత్తలు. ట్యూబు అల్యూమినియం, లోపల ఇంకో సన్నటి ట్యూబు కదులుతూ ఉంటుంది, క్లిక్కు తిప్పితే జరిగేది అదే. బయటి ట్యూబును నొక్కేస్తే లోపలిది పట్టేస్తుంది. క్లిక్కు చప్పుడు వస్తుంది కానీ గుండు జరగదు. నాలుగు క్లిక్కులు తిప్పితే ఏమీ ఉండదు, ఐదోదానికి ఒక్కసారిగా దూకుతుంది. అట్లాంటిది కనపడితే రింగులు ఒకసారి వదులు చేసి చూడండి.

ఎంత బిగించాలి? మామూలుగా రింగు పై స్క్రూలకు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు, అంటే దాదాపు 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు. మీ మౌంటు డబ్బా మీద వేరే లెక్క రాసి ఉంటే అదే పాటించండి. టార్క్ రెంచ్ ఉంటే మంచిది. లేకపోతే ఎలెన్ కీ పొడుగు కొమ్మును స్క్రూలో పెట్టి, పొట్టి కొమ్మును రెండు వేళ్లతో తిప్పండి. చేతికి బలం దొరకదు, అదే మనకు కావాల్సింది. మరలకు నూనె రాయొద్దు. నూనె రాస్తే అదే బిగింపుకు నొక్కుడు ఎక్కువైపోతుంది. ఊడిపోతుందనే టెన్షన్ ఉంటే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క వేయండి. ఎరుపు వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

బిగించే వరస కూడా ముఖ్యం. హంటర్ రోడ్డు మీద పంక్చర్ షాపులో పిల్లవాణ్ని చూడండి. కారు చక్రం నట్లు వరసగా బిగిస్తాడా? ఇది కొంచెం, దాని ఎదురుది కొంచెం, మళ్లీ ఇది కొంచెం. రింగులు కూడా అట్లాగే. బిగించాక పై సగానికీ కింది సగానికీ మధ్య సందు రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఒక పక్క మూసుకొని ఇంకో పక్క తెరుచుకొని ఉంటే విప్పి మళ్లీ బిగించండి. ఇలా ఒక పక్కే బిగిస్తే ఇంకో నష్టం కూడా ఉంది, స్కోప్ మెలిక తిరిగి లోపల కనపడే క్రాస్ గీత వంగుతుంది.

క్రాస్ గీత నిటారుగా ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం, మన తల వంగితే అదీ వంగినట్టే కనపడుతుంది. గోడకు ఒక తాడు వేలాడదీసి కింద గుండు కట్టండి, మేస్త్రీలు గోడ చూసుకునేది అదే కదా. ముందు రైఫిల్ నిటారుగా పెట్టి, తర్వాత నిలువు గీతను తాడు మీద కూర్చోబెట్టి, అప్పుడు రింగులు బిగించండి. దీనివల్ల ఏం నష్టం అంటారా? సెకనుకు 200 మీటర్ల వేగంతో పోయే పెల్లెట్ 25 మీటర్లకు చేరేసరికి ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. రైఫిల్‌ను 5 డిగ్రీలు పక్కకు వంచి పట్టుకుంటే ఆ దిగుడులో పదకొండో వంతు పక్కకు పోతుంది, అంటే ఏడు, ఎనిమిది మిల్లీమీటర్లు. గీత వంకరగా ఉంటే మనకు తెలియకుండానే రైఫిల్‌ను వంచి పట్టుకుంటాం. దూరం పెరిగేకొద్దీ తప్పు కూడా పెరుగుతుంది.

ఇప్పుడు టరెట్ చివరికి వచ్చేసి ఇక తిరగడం లేదు అనే సంగతి. మడత బ్యారెల్ రైఫిళ్లలో బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉంటుంది. గుండు కింద పడుతుంది, మనం పైకి, పైకి, పైకి తిప్పుతూ పోతాం. చివరికొచ్చేసరికి లోపలి స్ప్రింగ్ పట్టు తగ్గిపోతుంది. అప్పుడు లోపలి ట్యూబు ప్రతి షాట్‌కూ అదురుతుంది, జీరో, అంటే గురిపెట్టిన చోటే గుండు పడేలా చేసిన సర్దుబాటు, నిలవదు. టరెట్‌ను మెల్లగా ఒక చివరికి తిప్పి, అక్కడి నుంచి రెండో చివరి దాకా క్లిక్కులు లెక్కపెట్టి, సగం వెనక్కి రండి. అది మధ్య. అక్కడి నుంచి మొదలుపెట్టండి. కొరత ఉంటే దాన్ని మౌంటుతో తీర్చాలి, టరెట్‌తో తీర్చొద్దు. లెక్క చూడండి. రింగుల మధ్య 100 మిల్లీమీటర్లు దూరం ఉండి, వెనక రింగు 0.1 మిల్లీమీటర్ పైకి లేస్తే గుండు 10 మీటర్లలో సెంటీమీటర్, 25 మీటర్లలో రెండున్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. సన్న రేకు ముక్క చేసే పని అంత. కానీ విడివిడి రింగుల్లో ఒకదాని కింద మందంగా రేకు పెడితే ట్యూబు వంగుతుంది. అందుకని వెనక ఎత్తుగా చేసి అమ్మే మౌంటు కొనండి, లేదా ఎత్తు మార్చుకునే మౌంటు.

పారలాక్స్, అంటే కన్ను జరిగితే క్రాస్ గీత కూడా టార్గెట్ మీద జరిగినట్టు కనపడటం, దాని గురించి రెండు మాటలు. పెద్ద రైఫిళ్ల కోసం చేసిన స్కోప్ ఎక్కువగా 100 గజాలకు సెట్ చేసి వస్తుంది. దాంతో 10 మీటర్లు చూస్తే, కన్ను అద్దం మధ్య నుంచి అంచుకు పోయినప్పుడు గుండు సెంటీమీటరుకు పైగా పక్కకు పోవచ్చు. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటర్! పరీక్ష సులువు. రైఫిల్‌ను ఇసుక సంచి మీద పెట్టి, ముట్టుకోకుండా తల మాత్రం పైకీ కిందికీ ఆడించండి. క్రాస్ గీత టార్గెట్ మీద ఈదుతోందా? అదే పారలాక్స్. ముందు అద్దం దగ్గర దూరం మార్చుకునే రింగు ఉన్న స్కోప్ తీసుకోండి, చెంప ప్రతిసారీ కట్టె మీద ఒకే చోట ఆనించండి.

ఇవన్నీ అయ్యాక, ఇప్పుడు క్లిక్కులు. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) స్కోప్‌లో ఒక క్లిక్కు 100 మీటర్లలో 7 మిల్లీమీటర్లు, 25 మీటర్లలో 1.8. ముందు మూడు షాట్లు వేసి, తర్వాత ఇరవై క్లిక్కులు పైకి, ఇరవై కుడికి, ఇరవై కిందికి, ఇరవై ఎడమకు తిప్పుతూ, తిప్పిన ప్రతిసారీ మూడేసి షాట్లు వేయండి. 25 మీటర్లలో 36 మిల్లీమీటర్ల చతురస్రం రావాలి, చివరి గ్రూపు మొదటి దాని మీదికే రావాలి. వంకరగా వచ్చి, రింగులూ రైలూ గీతా అన్నీ బాగుంటే, అప్పుడు అనండి స్కోప్ ఖరాబైందని. అప్పుడు నేనూ ఒప్పుకుంటాను.

అభినవ్ బింద్రా సంగతి మీకు తెలుసు కదా, 2008 బీజింగ్. ఫైనల్ ముందు సైటర్ షాట్, అంటే స్కోరులో లెక్కపెట్టని షాట్, వేస్తే అది నాలుగులో పడిందని ఆయనే తర్వాత చెప్పారు. అంతకుముందు దాకా బాగున్న రైఫిల్! ఒలింపిక్ ఫైనల్, చేతిలో కొద్ది నిమిషాలు. సైట్ సరిచేసుకున్నారు, ఆఖరి షాట్ 10.8 వేసి స్వర్ణం తీసుకున్నారు. నేను దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, ఆయన తన రైఫిల్‌ను నమ్మకంతో వదిలేయలేదు, లెక్కపెట్టే షాట్‌కు ముందు కాగితాన్ని అడిగి చూశారు. మనం ఇంటి నుంచి రేంజికి బైక్ మీద గుంతల్లో వేసుకొచ్చి మొదటి షాటే లెక్కలోకి తీసుకుంటాం.

వేసవి సంగతి కూడా చెప్పాలి. మన దగ్గర మే నెలలో ఎండ 45 డిగ్రీలకు పోతుంది. రైఫిల్‌ను కారు డిక్కీలో వదిలేయకండి. పదకొండు దాటాక నేల మీద ఎండమావి లేస్తుంది, టార్గెట్ నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంది. ఆ ఊగుడు చూసి టరెట్ తిప్పినవాడు మరునాడు పొద్దున మళ్లీ వెనక్కి తిప్పుకోవాల్సిందే. జీరో చేసే పని పొద్దున ఏడులోపు పెట్టుకోండి.

ఏమ్మా? గట్టిగా అడుగు. కోతుల కోసం స్కోప్ పెట్టించమని ఊళ్లో అడుగుతున్నారా... నన్నూ అడుగుతారు. ములుగు నుంచి, జనగామ నుంచి వస్తారు. మక్క చేను పాడైనవాడి బాధ నాకు తెలుసు, మా అన్నది కూడా వ్యవసాయమే. కానీ నేను చేయను. పెల్లెట్ కోతిని తరమదు, గాయం చేసి వదిలేస్తుంది, అది పుండు పట్టి రోజుల తరబడి చస్తుంది. పక్కన పిల్లలు తిరిగే ఊళ్లో గురి తప్పితే ఆ గుండు ఎవరికి తగులుతుంది? మన రైఫిల్ కాగితం కోసం. ఈ విషయంలో నన్ను బతిమాలొద్దని మీ ఊళ్లో చెప్పు బిడ్డా.

సరే, టైమవుతోంది. నీ రైఫిల్ జీరో నిలవడం లేదన్నావు కదా, తీసుకురా. మూతి ఆ గోడ వైపు. టరెట్ మూత ముట్టుకోకు, ఉండనీ. కొద్దిగా వంచి లోపల చూపించు. నాకూ, ఈ తమ్మికీ. ఖాళీ. మంచిది. ఇప్పుడు బ్యారెల్ పట్టుకో, కట్టె మీద అరచేత్తో తట్టు. అందరూ ఒక్క నిమిషం నిశ్శబ్దంగా ఉండండి, విందాం.